గోరువెచ్చని నీళ్ళలో సీసాలు

‘చప్పుళ్ళ గది’ నవల, తొమ్మిదో భాగం

ముందుగా నా తప్పులకు మన్నించమని అడగాలి. మా ఆయన పోయిన ఏడాది, యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. పోయిన భాగం ఆలస్యమైందీ అందుకే. అచ్చులో దిద్దిపెట్టినవారికీ, ఓపిక పట్టిన మీకూ నమస్కారం.

పోయిన వారం గోరువెచ్చమ్మ దగ్గర ఆగాము. ఆమె కాన్పుల ఆసుపత్రిలో ఆయా. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆమెదే పని. ఎనిమిదో నెలలో గర్భిణులకు చేసిన పరీక్షలో పదకొండు మందిలో ఒకే రకం సూక్ష్మజీవి కనబడింది. ఎవరికీ జ్వరం లేదు, నొప్పి లేదు. అది ఊరికే వాళ్ళ ఒంట్లో కాపురం ఉంటోంది. అయితే మామూలుగా వాడే మందులేవీ దాన్ని కదిలించలేవు. ఆ పదకొండు మందిలో ఒకతె బొంగరం. గోరువెచ్చమ్మ అక్క కూతురు, ఆమె చేతుల మీద పెరిగిన పిల్ల. విషయం తెలిశాక బొంగరం అత్తగారు ఇంట్లో ఆ పిల్ల గ్లాసు వేరు చేసింది, పక్క వేరు చేసింది. బొంగరం తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే నీళ్ళను అనుమానించి పని మానేసింది. చివరికి ల్యాబు మేడమ్ చప్పుళ్ళ గదికి వచ్చి, ఉన్న ప్రతి వస్తువునూ దూదిపుల్లలతో తుడిచి పట్టుకుపోయింది. గోరువెచ్చమ్మ అరచేతుల్ని కూడా తుడిచింది.

ఇక చదవండి.

*

ఆ గదికి ఒకటే కిటికీ. దాని అద్దం పాలరంగుది. అందులోంచి వచ్చే వెలుగుకు అంచులుండవు. పొద్దున ఎనిమిదయినా, మధ్యాహ్నం రెండయినా గదిలో ఒకే వేళ. గోడకు ఆనించిన మంచం, మంచం పక్కన మిషను, కిటికీ కింద చిన్న బల్ల, బల్ల మీద నీళ్ళ తొట్టి. తొట్టిలో మూడు జెల్లు సీసాలు మెడల దాకా మునిగి నిలబడి ఉంటాయి. నీళ్ళ మీంచి కనీకనబడని ఆవిరి లేస్తుంది.

ఈ గదిలోకి వచ్చిన ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎవరూ తగ్గించమని చెప్పరు. కడుపు మీద కాస్త జెల్లు రాసి, మిషను గొట్టం ఆనించగానే ముందు ఏదో హోరు వినిపిస్తుంది. ఆ హోరు వెనకనుంచి చప్పుడు నడిచి వస్తుంది. ఒక బిడ్డది తడి బట్టను గాలిలో దులిపినట్టు ఉంటుంది. ఒక బిడ్డది చెక్కమెట్ల మీద ఎవరో పైకి పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎన్ని విన్నదో ఆమెకు తెలియదు. అప్పుడప్పుడు ఇంట్లో అన్నం వార్చుకుంటూ నిలబడ్డప్పుడు, బస్సు కిటికీకి తల ఆనించినప్పుడు అవన్నీ ఒక్కసారిగా వినిపించేవి. ఊళ్ళో పరుగెడుతున్న పిల్లలందరూ ముందు తన గదిలోంచే పరుగెత్తి వెళ్ళారని అనిపించేది.

ఆవేళ ఎనిమిదిన్నరకు ల్యాబు మేడమ్ వచ్చింది. చంకలో ఒక డబ్బా. తలుపు దగ్గరగా వేసింది.

"కూర్చోండి పిన్నిగారూ."

"నిలబడి వింటాను మేడమ్. కూర్చోబెట్టి చెప్పే మాటలు నాకు అచ్చిరావు."

మేడమ్ నవ్వలేదు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది. ఎప్పుడూ మూతలున్న గుండ్రటి పళ్ళేలు మోసుకు తిరుగుతుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆమెను పళ్ళేలావిడ అంటారు. ఆ పళ్ళేల్లో ఎర్రటి జున్నులాంటిది పోసి ఉంటుంది. దాని మీద దూదిపుల్లను రాసి వెచ్చని అలమారాలో పెడితే, పుల్లకు అంటినది ఏదైనా ఉంటే అక్కడ మొలుస్తుంది.

డబ్బా తెరిచి ఒక్కో పళ్ళేన్ని మంచం మీద వరసగా పెట్టింది.

"ఇది మంచం. ఏమీ లేదు. ఇది కుళాయి. ఏవో ఉన్నాయి గానీ మనకు కావలసింది లేదు. ఇది మిషను గొట్టం. శుభ్రం. ఇవి మీ చేతులు."

గోరువెచ్చమ్మ అరచేతులు చూసుకుంది.

"ఏమీ లేదు," అంది మేడమ్. "ఈ ఆసుపత్రిలో ఇంత శుభ్రమైన చేతులు నేను చూడలేదు. పెద్ద సిస్టరుగారి పళ్ళెం మీకు చూపించలేను. సిగ్గుపడతారు."

"ఆవిడ ఉంగరాలు తియ్యదు కదా మేడమ్. నేనెప్పటినుంచో చెప్తున్నా."

"ఈ మాట ఇక్కడితో వదిలెయ్యండి."

ఇద్దరూ ఒక క్షణం నవ్వుకున్నారు. అప్పుడు మేడమ్ ఆఖరి పళ్ళెం తీసి, మిగతావాటికి కాస్త దూరంగా పెట్టింది.

దాని మీద ముత్యాలు పరిచినట్టు ఉంది. చిన్న చిన్న చుక్కలు, మెరుస్తూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మధ్యలో మీగడలా కలిసిపోయి. ఎంత అందంగా ఉంది అనుకుంది గోరువెచ్చమ్మ. అలా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

"ఇది ఎక్కడిది?"

మేడమ్ కిటికీ వైపు చూసింది. కిటికీ కింద బల్ల, బల్ల మీద తొట్టి, తొట్టిలో మూడు సీసాలు.

"జెల్లా? డబ్బా పాడైందేమో మేడమ్. ఈసారి వచ్చిన డబ్బా మూత వదులుగానే ఉంది, నాకప్పుడే అనిపించింది."

"డబ్బా చూశాను. వాడుతున్నదీ చూశాను, సీలు తియ్యనిదీ చూశాను. రెండూ శుభ్రమే."

"మరి?"

"మీరు చెప్పండి. సీసా ఖాళీ అయితే ఏం చేస్తారు?"

గోరువెచ్చమ్మ నిటారుగా నిలబడింది. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండే జవాబు ఉంది. కొత్తగా చేరిన ఆయాలకు చెప్పేది కూడా అదే.

"నా సీసా ఖాళీ అవదు మేడమ్. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఏ డాక్టరు చేతికీ ఖాళీ సీసా ఇవ్వలేదు. సగానికి రాగానే డబ్బాలోంచి పైన పోసేస్తా."

"ఎప్పుడైనా కడిగి ఆరబెట్టి..."

"ఎందుకు కడగడం? ఎంగిలిదా ఏమన్నానా? జెల్లు మీద జెల్లు."

"అంటే అడుగున ఉన్నది?"

"అడుగున ఉన్నది అడుగునే..."

ఆమె తొట్టి వైపు తిరిగింది. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. తొట్టిలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ళ వెచ్చదనం ఎంతో ఆమెకు చెయ్యి పెట్టకుండానే తెలుసు. పొద్దున ఒకసారి, పదకొండింటికి ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి వేడినీళ్ళు కలిపేది. వేడి కాకూడదు, చల్లారకూడదు. మోచెయ్యి ముంచి చూసుకునేది.

"మా అలమారా కూడా ఇంతే వెచ్చగా ఉంటుంది పిన్నిగారూ," అంది మేడమ్ మెల్లిగా. "వాటిని మొలిపించాలంటే మేమూ ఇదే చేస్తాం."

*

ఈ పని ఎలా మొదలైందో చెప్పాలి.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె ఇక్కడ చేరిన మొదటి వారం. అప్పటికి ఆమెకు ఆ పేరు లేదు, అందరూ కొత్తావిడ అనేవారు. ఇదే మంచం మీద ఆమె అక్క పడుకుని ఉంది, ఎనిమిదో నెల. చలికాలం. డాక్టరు జెల్లు వేయగానే అక్క ఒళ్ళంతా జలదరించి, కడుపు గట్టిగా రాయిలా అయి, బిడ్డ ఒక మూలకు ముడుచుకుపోయింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఒసేయ్, ఇది కాస్త వెచ్చగా ఉంటే ఎంత బావుణ్ణే. లోపలున్నదానికి చలేసింది చూడు," అంది.

మర్నాడు అక్క వచ్చేసరికి సీసా గోరువెచ్చని నీళ్ళలో ఉంది. అక్క కళ్ళు మూసుకుని, పెదాలు కాస్త తెరిచి, చిన్నపిల్లలా నవ్వింది. గుండె చప్పుడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. అలా మొదటి వెచ్చని సీసా బొంగరం కోసమే. ఆ తర్వాత మూడేళ్ళకు అక్క జ్వరంతో పోయింది. బొంగరం ఈమె దగ్గరికి వచ్చింది. సీసాలు మాత్రం తొట్టిలోంచి బయటికి రాలేదు.

గర్భిణులు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ ఆసుపత్రిలో ఒక ఆయా ఉంది, ఆమె చేతిలో అన్నీ వెచ్చగా ఉంటాయి అని. అలా ఆ పేరు వచ్చింది.

*

"ఇన్నేళ్ళూ ఉందా మేడమ్, అది?" అంది గోరువెచ్చమ్మ.

"లేదు. పాత రికార్డులన్నీ తిరగేశాను. ఈ ఏడే. ఎప్పుడో ఒకరోజు ఎవరి చేతినుంచో ఒక్కటి సీసా మూతి మీద పడి ఉంటుంది. మిగతా పని అడుగున ఉన్న జెల్లు, ఆ వెచ్చదనం చూసుకున్నాయి. లోపలి పరీక్షకి కూడా ఇదే సీసా కదా వాడేది?"

"ఇదే."

"అలా వెళ్ళింది లోపలికి."

"బిడ్డలకి?"

"ఇంతవరకు ఏ బిడ్డకీ రాలేదు. చాలా మంది బిడ్డలకి రాదు కూడా. తల్లి ఒంట్లో ఉన్నంత మాత్రాన బిడ్డకి అంటాలని లేదు."

"అంటితే?"

మేడమ్ డబ్బా అడుగునుంచి ఇంకో పళ్ళెం తీసింది. ఇందులో ముత్యాలు లేవు. పళ్ళెం అంతా పలచటి మంచు కప్పినట్టు ఉంది. ఆ మంచులో అక్కడక్కడ చిన్న కాగితం చుక్కలు. ఒక్కో చుక్కలో ఒక్కో మందు. తొమ్మిది చుక్కల దాకా మంచు పాకిపోయి ఉంది. పదో చుక్క చుట్టూ మాత్రం ఖాళీ. గుండ్రంగా, తేటగా, చెరువు మీద ఎవరో పొగమంచును ఊదేసినట్టు.

"ఈ ఒక్కటీ పనిచేస్తుంది. ఈ రోజే తెలిసింది."

"అయితే ఇప్పుడే ఇచ్చెయ్యండి, పదకొండు మందికీ."

"ఇప్పుడిస్తే ఇది కూడా చెడిపోతుంది. ఊరికే కాపురం ఉన్నవాటి మీద వాడితే, దీనికి కూడా లొంగనివి మిగుల్తాయి. బిడ్డకి అవసరం పడితే వాడడానికి దాచుకోవాలి." మేడమ్ జేబులోంచి కాగితాల కట్ట తీసింది. "పదకొండు. ఒక్కోళ్ళకి ఒకటి. ఏవి పనికిరావో, ఏది పనికొస్తుందో ఇందులో ఉంది. నొప్పులు వచ్చేలోగా ఎవరిది వాళ్ళ చేతిలో ఉండాలి. వీళ్ళు ఎక్కడ కంటారో మనకేం తెలుసు. ఈ కాగితం లేకపోతే అక్కడ డాక్టరు మామూలు మందు మొదలుపెడతాడు. అది పనిచెయ్యట్లేదని తెలియడానికి రెండు రోజులు. పుట్టిన బిడ్డకి రెండు రోజులంటే..."

మేడమ్ కట్టను మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"రెండింటికి అందరినీ రమ్మన్నాను," అంది. "మందు సంగతి నేను చెప్తాను. సీసా సంగతి రిపోర్టులో రాస్తాను. పరికరంలో లోపం అని. మనిషి గురించి రాయనక్కర్లేదు."

"అలా రాయొచ్చా?"

"అబద్ధం కాదు కదా."

మేడమ్ వెళ్ళిపోయాక గోరువెచ్చమ్మ సీసాలు మూడూ సంచిలో వేసి మూతి కట్టి ఎర్ర బుట్టలో పడేసింది. తొట్టి ఖాళీ చేసింది. నీళ్ళు కన్నంలోకి సుడి తిరిగి పోతుంటే చూస్తూ నిలబడింది. పరికరంలో లోపం. ఎంత మెత్తటి మాట. దాని మీద తల పెట్టుకుని పడుకోవచ్చు. బొంగరానికి ఎప్పటికీ తెలియదు. ఇక ముందు కూడా ప్రతి ఆదివారం వచ్చి, పొయ్యి పక్కన పీట వాల్చుకుని, పిన్నీ నాకేం పెడతావ్ అంటుంది.

*

బొంగరం అందరికంటే ముందే, ఒంటిగంటన్నరకు వచ్చింది. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఆ పేరు. ఇప్పుడు రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, పాదాలు వెడల్పుగా వేస్తూ నడుస్తోంది.

"అలా చూస్తావేం పిన్నీ. పేరు పెట్టినప్పుడు బొంగరంలా ఉన్నానో లేదో గానీ, ఇప్పుడు అచ్చం బొంగరమే."

"మెల్లిగా ఎక్కు మంచం."

"మీ అల్లుడేమో దొర్లిస్తే ఇంటికెళ్ళిపోతావ్, బస్సెందుకు అంటాడు."

గోరువెచ్చమ్మ కొత్త పొట్లం చింపింది. ఒక్కసారికి ఒక్కటి, సీలు వేసి వచ్చేవి. పొద్దుననే పెద్ద సిస్టరు పంపింది. జెల్లు కడుపు మీద పడగానే బొంగరం ఉలిక్కిపడింది.

"అబ్బ, ఐసుముక్క పెట్టావేంటి. నీ సీసా ఏది?"

"పడేశాను."

"నువ్వా?"

గోరువెచ్చమ్మ మిషను గొట్టం ఆనించింది. హోరు. హోరు వెనకనుంచి చప్పుడు. ఈ బిడ్డది చెక్కమెట్ల చప్పుడు. తొందరగా, అల్లరిగా, పై అంతస్తులో ఏదో ఉన్నట్టు. గదిలో వెలుగు ఎప్పటిలాగే అంచుల్లేకుండా పరుచుకుని ఉంది. ఆ వెలుగులో, ఆ చప్పుడులో మాట్లాడితే ఏ మాటయినా కలలో మాటలా ఉంటుందని ఆమెకు అనిపించింది. అందుకే చెప్పగలిగింది.

"అది సీసాలోంచే వచ్చిందే. నీకూ, మిగతా వాళ్ళకీ. నీళ్ళలోంచి కాదు, దుకాణంలోంచి కాదు. నా సీసాలోంచి. ఖాళీ అవ్వకుండా పైన పోస్తూ వచ్చాను. వెచ్చగా ఉంచుతూ వచ్చాను. అందులో పెరిగింది."

బొంగరం పైకప్పు వైపు చూస్తోంది. గోరువెచ్చమ్మ చెయ్యి మిషను మీట వైపు వెళ్ళింది.

"ఆపకు," అంది బొంగరం. "ఉండనీ."

చాలాసేపు ఆ చప్పుడే ఉంది గదిలో.

"మా అత్తతో ఏమన్నానో తెలుసా?" బొంగరం గొంతు పైకి లేవలేదు. "మీ ఇంటి తొట్టిలోనే ఉంది ఆ పురుగు, మీ శుభ్రం నేను చూడలేదా అన్నా. ఆవిడ గ్లాసు వేరు చేసింది నిజమే. కానీ ఆ మాట అన్నాక ఆవిడ మూడు రోజులు అన్నం తినలేదు పిన్నీ. ఇప్పటికీ నాతో మాట్లాడదు. దుకాణం ఆయన గుమ్మం దాకా వచ్చి బతిమాలాడు, నీ అంత సన్నంగా అంచు తీసేవాళ్ళు లేరమ్మా అని. మీ నీళ్ళు తాగి మీరే బతకండి అని వచ్చేశా."

"నేను వచ్చి చెప్తాను. మీ అత్తగారికీ, ఆయనకీ."

"ఏం చెప్తావ్?"

"నాదే తప్పని."

"తప్పని ఎవరన్నారు? నేననలేదు." బొంగరం తల తిప్పింది. కళ్ళు తడిగా లేవు, అది చూసే భయం వేసింది పిన్నికి. "నువ్వు తప్పు చేస్తే నిన్ను నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు మా అమ్మ మీద ప్రేమతో చేశావ్. దాన్నేం చేసుకోను నేను? ఎక్కడ పెట్టుకోను?"

గోరువెచ్చమ్మ జారుతున్న మిషను గొట్టాన్ని సర్ది పట్టుకుంది.

"బిడ్డకి వస్తుందా?"

"రాకపోవచ్చు. వస్తే మందుంది. ఒకటే ఉంది. మేడమ్ కాగితం ఇస్తుంది, అది ఎప్పుడూ నీ దగ్గర పెట్టుకో."

"మిగతా వాళ్ళకి తెలుసా ఇది? సీసా సంగతి?"

"తెలీదు. మనిషి గురించి రాయనక్కర్లేదంది మేడమ్."

"అయితే నాకొక్కదానికే చెప్పావ్."

"నీకు చెప్పకుండా ఎలా ఉంటానే."

"నాకు చెప్తే నీ బరువు దిగిపోతుంది. నాకెక్కుతుంది." బొంగరం మోచేతుల మీద లేచి, బట్టతో కడుపు తుడుచుకోవడం మొదలుపెట్టింది. "బయట బెంచీ చూశావా? మనిషికీ మనిషికీ మధ్య ఒక సంచి పెట్టుకుని కూర్చుంటున్నారు. నీ దగ్గర్నుంచి నాకొచ్చిందా, నా దగ్గర్నుంచి నీకెళ్ళిందా అని. పోయిన వారం ఆ లెక్కల టీచరు పక్కన నేను కూర్చోబోతే లేచి నిలబడింది. ఆ నెలల్లో నిలబడింది పిన్నీ, గంటసేపు."

గోరువెచ్చమ్మ చెయ్యి చాచింది, మంచం దిగడానికి. బొంగరం ఆ చెయ్యి పట్టుకోలేదు. మంచం అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తనంతట తానే దిగింది.

"వాళ్ళకీ చెప్పు," అంది తలుపు దగ్గర. "నేను కూడా కూర్చుని వింటాను. వాళ్ళలో ఒకదాన్నిగా."

*

వరండా పొడుగునా బెంచీలు. కడుపుల మీద చేతులు పెట్టుకున్న ఆడవాళ్ళు. మధ్యలో సంచులు. ల్యాబు మేడమ్ కాగితాలతో వచ్చేసరికి గోరువెచ్చమ్మ అప్పటికే నిలబడి ఉంది.

"ముందు నేను మాట్లాడతాను మేడమ్," అంది.

మాట్లాడింది. ఎంతసేపు మాట్లాడిందో ఆమెకు తెలియలేదు. సీసా, తొట్టి, పైన పోయడం, వెచ్చదనం. ఎవరి దగ్గర్నుంచీ ఎవరికీ అంటలేదని, ఆ సంచులు తీసెయ్యమని.

"అంటే నేను ఊరికే నిలబడ్డానా గంటసేపు," అంది లెక్కల టీచరు. ఎవరినీ ఉద్దేశించినట్టు లేదు. తర్వాత ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది.

"నేనైతే ఆ వెచ్చటి సీసా కోసం రెండుసార్లు ఎక్కువ వచ్చాను," అంది చివర కూర్చున్న బస్సు కండక్టరు. "కాళ్ళు లాగుతున్నాయని అబద్ధం చెప్పి. ఇప్పుడు నిన్ను తిట్టాలా, నన్ను తిట్టుకోవాలా?"

"నన్నే తిట్టమ్మా."

"తిడతాలే. కాన్పు కానీ. ఇప్పుడు తిడితే ఆయాసం వస్తోంది."

ఒకామె నవ్వింది. ఇంకొకామె నవ్వలేదు. "నాకిది మొదటిది కాదు, రెండు పోయాక ఇది," అని లేచి గోరువెచ్చమ్మ ముఖం వంక చూసి మళ్ళీ కూర్చుంది. ఆ చూపు తిట్టుకంటే బరువుగా ఉంది. బొంగరం ఎదురు బెంచీలో ఉంది, నేల వంక చూస్తూ.

మేడమ్ కాగితాలు పంచింది. మందు పేరు పైకి చదివించింది, ఒకరి తర్వాత ఒకరితో. పంచడం అయ్యాక ఆమె చేతిలో ఒకటి మిగిలింది.

"పది మందిమే కూర్చున్నాం," అంది లెక్కల టీచరు.

"ఎవరు రాలేదు?"

"తాళంచెవుల అమ్మాయి," అంది కండక్టరు. మార్కెట్టు మూలన వాళ్ళ నాన్న కొట్లో తాళంచెవులు చేసే పిల్ల. పందొమ్మిదేళ్ళుంటాయి. "నాలుగు రోజుల కిందట బస్సులో కనబడింది. పెట్టె పట్టుకుని, నది అవతల అమ్మమ్మ ఊరికి. అక్కడెవరూ నా పక్కన కూర్చోవడం లేదక్కా, ఇక ఆ ఆసుపత్రికి రాను అంది."

పెద్ద సిస్టరు రిజిస్టరు తెచ్చింది. అందులో ఒక నంబరు ఉంది. మేడమ్ ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. చాలాసేపు మోగాక ఒక ముసలి గొంతు పలికింది. అమ్మమ్మ గొంతు. సంతోషంతో తొణికిపోతున్న గొంతు.

"అయిందమ్మా కాన్పు, మొన్న సాయంత్రం. ఇంట్లోనే అయిపోయింది, నొప్పులు తెలియకుండా. ఆడపిల్ల. పిల్లతల్లి పడుకుంది, పిలవనా?"

"బిడ్డ ఎలా ఉందమ్మా?" అంది మేడమ్.

"దాని సంగతేం చెప్పను. ఇంత బుద్ధిమంతురాలిని నేను చూడలేదు. నిన్నటినుంచి ఏడుపన్నదే లేదు. పాలకు లేపినా లేవదు. అలా మెత్తగా, మబ్బుతునకలా పడుకునే ఉంది."

బెంచీల మీద ఒకరిద్దరు మురిసిపోయి నవ్వారు. మేడమ్ నవ్వలేదు. గోరువెచ్చమ్మ ఫోను దగ్గరికి ఎలా వెళ్ళిందో తెలియదు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డను చూసి ఏ ఆయా భయపడదు. పుట్టి రెండు రోజులై, పాలకు లేవకుండా మెత్తబడిపోయిన బిడ్డను చూస్తే చేతిలో ఉన్నది పడేసి డాక్టరు కోసం పరుగెడుతుంది.

"అమ్మా, అది నిద్ర కాదు. బిడ్డకి బాగాలేదు. ఇప్పుడే, ఈ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేనొక మందు పేరు చెప్తాను, రాసుకోండి."

"ఎవరు మాట్లాడేది?"

"నేనమ్మా, చప్పుళ్ళ గదిలో ఆయాని."

అటువైపు సంతోషం ఆరిపోయింది. "ఆ ఆసుపత్రా. నా మనవరాలిని పురుగులమారిదని మూల కూర్చోబెట్టారు. నెల రోజులు ఏడ్చింది నా పిల్ల. ఇప్పుడు దాని బిడ్డకి కూడా ఏదో ఉందంటారా? హాయిగా పడుకున్న బిడ్డని నేను లేపను. మీరు మళ్ళీ ఫోను చెయ్యకండి."

లైను పోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు. మేడమ్ నది అవతలి ఆరోగ్య కేంద్రానికి కలిపింది. అక్కడ మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎవరూ తీయడం లేదు.

"ఆ ఊరికి బస్సు?" అంది గోరువెచ్చమ్మ.

"మూడింటికి," అంది కండక్టరు. "మళ్ళీ రేపే."

గోడ గడియారంలో మూడు కావడానికి పన్నెండు నిమిషాలుంది. గోరువెచ్చమ్మ మేడమ్ చేతిలోంచి పదకొండో కాగితం తీసుకుంది. మేడమ్ ఫోను చెవికి ఆనించుకునే, మందు అలమారా తాళంచెవి పెద్ద సిస్టరు చేతిలో పెట్టింది. సిస్టరు పరుగెత్తి మంచుపెట్టెలో మందు సర్దుకొచ్చింది. "అక్కడి డాక్టరు చేతికే ఇవ్వండి, మీరు వెయ్యకండి," అంది మేడమ్. అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు ఉంది. వరండా పొడుగు, గేటు, ఎండ, రోడ్డు.

స్టాండులో బస్సు ఇంజను మొదలైంది. ఆమె మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనక రొప్పుతున్న ఊపిరి వినబడింది. వెనక్కి చూస్తే బొంగరం. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి బస్సు కమ్మీ మీద.

"నువ్వెక్కడికే ఈ కడుపుతో? ఇంటికెళ్ళు."

"నువ్వు చెప్తే వాళ్ళు తలుపు కూడా తియ్యరు పిన్నీ," అంది బొంగరం. మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "నిన్ను నేనింకా క్షమించలేదు. ఆ సంగతి తర్వాత. ముందు జరుగు, ఎక్కనీ."

బస్సు కదిలింది.

*

రాసినది: అందరూ ఇస్త్రీ మామ్మ అని పిలిచే మనిషి. వయసు అరవై ఆరు. ఇప్పుడు ఉంటున్నది చిన్న కోడలి ఇంట్లో, మేడ మీద గదిలో.